వెనక గది దర్వాజ మీది గీతలు

బడి రిజిస్టరులో నా పుట్టిన తేదీ జూలై ఒకటి. ఆ ఏడు నాతోపాటు ఒకటో తరగతిలో చేరిన పదకొండు మందికీ అదే తేదీ. పిల్ల ఎప్పుడు పుట్టిందో తల్లి చెప్పలేకపోతే హెడ్‌మాస్టరు తనకు వీలైన తేదీ ఒకటి వేసేసేవారు. నేను పెద్దయ్యాక జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. పిల్లల్ని చేర్చుకునే పని నా చేతికి వచ్చిన ప్రతిసారీ తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, ఏ పండుగకు ఎన్ని రోజుల ముందు, ఏ పంట చేలో ఉండగా అని అడిగి, పాత పంచాంగం తీసి, వెనక్కి లెక్క కట్టి అసలు తేదీ వేసేదాన్ని. వెనక వరసలో తల్లులు విసుక్కునేవారు. నేను తొందరపడేదాన్ని కాదు.

నా తేదీ మాత్రం కట్టలేకపోయాను. లెక్కలో ఒక అంకె తక్కువైంది.

మా అమ్మకు గట్టిగా తెలిసినవి కొన్ని ఉన్నాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టులో నేను గోడ పట్టుకోకుండా నడుస్తున్నాను. అంటే పుట్టింది అంతకు ముందు ఏటి వానాకాలం. పుట్టింది తొలికోడి కూసే వేళకు. నన్ను ఎత్తుకుని అమ్మ పురిటి గదిలోంచి బయటికి వచ్చింది పోళా నాడు. పోళా మహారాష్ట్రలో మా చంద్రపూర్ వైపు ఎడ్ల పండుగ, శ్రావణ మాసపు అమావాస్య. ఆ ఏటి పోళా ఆగస్టు ఇరవై ఆరు, సోమవారం. పంచాంగంలో ఉంది కాబట్టి అందులో అనుమానం లేదు. ఇక తెలియాల్సిందల్లా అమ్మ ఆ గదిలో ఎన్ని రోజులు ఉందన్నదే.

"సవా నెల," అనేది అమ్మ.

సవా నెల అంటే నెల మీద పావు. నెలకు ముప్పై రోజులు వేసుకుంటే ముప్పై ఏడున్నర. ఆ అర రోజును ఎటు కలపాలి? ముప్పై ఏడా, ముప్పై ఎనిమిదా? నేను ఇలా నిలదీస్తే అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ నవ్వేది.

"నీ సగం దినం నాకెర్కలేదు బిడ్డా. పెద్దబాయి రోజుకో గీత పెట్టింది. పోయి ఆమెనే అడుగు."

పెద్దబాయి అంటే రాజురా దాటి కోర్పనా వైపు పోయే దారిలో ఒక ఊళ్లో పెద్ద వాడాకు, అంటే మండువా లోగిలికి, యజమానురాలు. మా అమ్మానాన్న ఆ ఇంటి చేలల్లో పనిచేసేవారు. ఆ ఏడు ఆషాఢంలో వానకు మా గుడిసె గోడ కూలితే, నెలలు నిండిన మా అమ్మను పెద్దబాయి తన వాడా వెనక విత్తనాలు దాచే గదిలో ఉండమంది. నేను ఆ గదిలోనే పుట్టాను.

అమ్మ చెప్పే కథలో తర్వాతి భాగం ఇది. అది జొన్న, పత్తి చేలల్లో కలుపు ముదిరే కాలం. ఇంటి లెక్కలు చూసే మునీం ఇరవయ్యో రోజునే వచ్చి గది ముందు నిలబడ్డాడు, ఇంక చేనికి రావాలని. అతను వస్తాడని పెద్దబాయికి ముందే తెలుసు. ఆమెకు చదువు రాదు. అందుకని మొదటి రోజు నుంచీ పొద్దున్నే శొంఠి కషాయం చేతికిచ్చి, నడుముకు దోపుకున్న అడకత్తెర తీసి, దాని మొనతో టేకు దర్వాజ మీద, అంటే ద్వారబంధం మీద, ఒక గీత గీసేది. ఎనిమిదేళ్ల మనవడు గడప ఇవతల నిలబడి ఆ గీతలను రోజూ మరాఠీలో గట్టిగా లెక్కపెట్టేవాడు. మునీం వచ్చిన నాడు పెద్దబాయి మనవడిని పిలిచి లెక్కపెట్టమంది. వాడు ఇరవై దాకా లెక్కపెట్టి ఆగాడు. "సవా నెల ఐందా?" అని ఆమె మునీంను అడిగింది. మునీం తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడట.

నిజం చెప్పాలి. ఈ కథ నేను నమ్మలేదు. మా ఊళ్లలో కూలికి పోయే ఆడవాళ్లు కాన్పైన పన్నెండో రోజుకే కలుపుకు పోవడం నేను కళ్లారా చూశాను. ఒక కూలి మనిషికి సవా నెల విశ్రాంతి ఇచ్చిన వాడా ఒక్కటి కూడా నాకు తెలియదు. అమ్మ తన జీవితానికి కొంచెం మెరుగు పెట్టుకుని చెబుతోందనుకున్నాను. తల్లిని అబద్ధమాడావని అనలేక, లెక్క పేరుతో నిలదీస్తూ ఉండేదాన్ని. ఆమెకు అది అర్థమయ్యే ఉంటుంది. పోయేదాకా ఆమె ఒకే మాట మీద ఉంది.

గీతలు లెక్కపెట్టిన ఆ మనవడు తర్వాత దేశానికి పెద్ద నాయకుడయ్యాడు. ఆయన పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇది ఆయన కథ అవుతుంది. కుటుంబం ఎప్పుడో నగరానికి వెళ్లిపోయింది. వాడాకు దశాబ్దాల తరబడి తాళం. ఆయన పెరిగిన ఇల్లని బాగుచేసి, రెండేళ్ల కిందట జనం చూడటానికి తెరిచారు. ఆ సంగతి మా చెల్లెలు చెప్పింది. భద్రావతిలో ఆమె ఉండే కాలనీ ఆడవాళ్లు బస్సు మాట్లాడుకుని చూసి వచ్చారట.

ఈ జనవరి ఇరవై ఏడు, మంగళవారం, మేమిద్దరం వెళ్లాం. సోమవారం ఆ ఇంటికి సెలవు, పైగా ఆ సోమవారం రిపబ్లిక్ డే. చంద్రపూర్‌లో ఎనిమిది పదికి ప్రభుత్వ ఎస్టీ బస్సు ఎక్కి, రాజురాలో మారి, పది దాటిన ఐదు నిమిషాలకు ఊరి మలుపు దగ్గర దిగాం. దారి పొడవునా సిమెంటు లారీలు. చెల్లెలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూడా మాట్లాడటం ఆపలేదు.

"అక్కా, ఒక్క మాట. ఆ గీతలు లేకపోతే ఏం జేస్తవ్?"

"ఏం చేస్త? తిరిగొస్త."

"ఉంటే?"

"లెక్కపెడ్త."

"డెబ్బై తొమ్మిదేండ్లు పుట్టినరోజు లేకుండ బతికినవ్. ఇప్పుడు దొరికితే కేకు కోస్తవా?"

ఆమె నాకన్నా ఏడేళ్లు చిన్న. నాన్న బొగ్గుగనిలో చేరాక గని దవాఖానాలో పుట్టింది. పుట్టిన తేదీ, వేళ, బరువు అన్నీ రాసిన కాగితం ఆమె దగ్గర ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకుంది. చిన్నప్పుడు నాతో కొట్లాట వచ్చినప్పుడల్లా ఆ కాగితం తెచ్చి చూపించేది.

వాడా నేను అనుకున్నంత పెద్దది కాదు. ముందు ఐదు మెట్లు, రెండు అరుగులు, లోపల చతురస్రంగా వాకిలి. జెండా కట్టిన కర్ర చుట్టూ నిన్నటి బంతిపూలు వాడి ఉన్నాయి. ఇల్లు చూసుకునే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. ఆ ఊరి ఆడపడుచే. మమ్మల్ని చూసి మొదట మరాఠీలో పలకరించింది. మా మాట విని తెలుగులోకి మారింది, ఆజీ అన్న పిలుపు మాత్రం మరాఠీదే, అవ్వా అని.

"రండి ఆజీ, చెప్పులు గా పక్కన ఇడువుండ్రి. మెల్లగ రండి, గడప ఎత్తుంటది."

ముందు గదిలో ఆయన ఫొటోలు, విదేశాల వాళ్లతో కరచాలనాలు. మరో గదిలో ఆయన పడుకున్న మంచం, రాసుకున్న పలక. చెల్లెలు ప్రతి ఫొటో ముందూ ఆగుతోంది. నాకు ఓపిక లేదు.

"వెనక గది ఎటు, బిడ్డా?" అని అడిగాను.

"ఆడికే తీస్కపోతున్న. అందరు గదే అడుగుతరు."

అందరూ ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాలేదు. పెరట్లోకి దిగాం. కందిపొరకలు ఆరబెట్టిన గోడ పక్కగా పది అడుగులు నడిస్తే ఒక చిన్న గది, టేకు దర్వాజ. దర్వాజకు గోధుమరంగు నూనె పెయింటు. పక్కన గోడకు మరాఠీలో ఒక బోర్డు. నాయకుడు బాల్యంలో స్వయంగా గీతలు గీసుకుని లెక్కలు నేర్చుకున్న చోటు ఇది అని దాని అర్థం.

"పరీక్షలొస్తున్నయంటే సుట్టుపక్కల ఊర్ల నుంచి పిల్లల్ని తీస్కొస్తరు," అంది ఆమె. "గీతలు తాకితే లెక్కల పరీక్ష పాసైతరని. మొన్న ఒకాయన ఉప్పర్వాహి నుంచి కొడుకును తెచ్చిండు. పోరడు ఫెయిలే అయిండు, అది వేరే సంగతి."

చెల్లెలు నవ్వింది. నేను నవ్వలేదు. నా కళ్లు దర్వాజ ఎడమ నిలువు కమ్మి మీద ఉన్నాయి.

గీతలు ఉన్నాయి. నా భుజం ఎత్తు నుంచి మొదలై కిందికి, ఒకదాని కింద ఒకటి, వేలి వెడల్పు ఎడంతో. ప్రతి ఏడో గీత కొంచెం పొడవు. ఒక కూలి మనిషి చెప్పిన కథకు టేకు కర్ర సాక్ష్యం పలుకుతోంది, ఆ మనిషి కూతురు మాత్రం జీవితమంతా దాన్ని పక్కన పెట్టింది. దర్వాజ పట్టుకుని నిలబడ్డాను.

"అక్కా, కూసో," అంది చెల్లెలు.

"లెక్కపెట్టినంక కూసుంట."

బొటనవేలి గోరుతో ఒక్కో గీతను తడుముతూ కిందికి దిగాను. పొడవు గీతలు ఐదు. ఏడైదులు ముప్పై ఐదు. ఐదో పొడవు గీత కింద చిన్నవి నాలుగు. ముప్పై తొమ్మిది.

"ముప్పై తొమ్మిది," అంది చెల్లెలు కూడా, పైనుంచే చూసి.

"నలభై," అంది ఇల్లు చూసుకునే ఆమె. "నేనెప్పుడు నలభై అనే చెప్త. నలభై ఎక్కాలు నేర్చిండు సాహెబ్ అని."

"నువ్వు లెక్కపెట్టినవా?" అని అడిగాను.

"లేదు ఆజీ. నాకంటే ముందున్నాయన గట్లనే చెప్తుండె."

ముప్పై తొమ్మిదా, నలభయ్యా అన్నది నాకు ఒక రోజు తేడా. చివరి గీత కమ్మి మీద మోకాలి ఎత్తులో ఉంది. దాని కింద పెయింటు కారి ముద్దగా గడ్డకట్టింది. నేను కింద కూర్చున్నాను. వేలితో నొక్కితే ఆ ముద్ద కింద ఏదో పల్లం తగిలినట్టు అనిపించింది. జడలోంచి పిన్ను తీశాను.

"ఆజీ, గట్ల గీకొద్దు. పైవాళ్లు అడిగితే నన్నంటరు."

"పరీక్ష పిల్లలు గోళ్లతోటి గీకలేదా?"

"వాళ్లు పిల్లలు."

చెల్లెలు మధ్యలోకి వచ్చింది. "అమ్మా, ఈమె ముప్పై ఆరేండ్లు లెక్కల పంతులమ్మ. గీకనీయకుంటే ఈడనే పండుకుంటది, మళ్ల నువ్వే అన్నం పెట్టాలె."

ఊరికే అడిగితే ఒప్పుకోదని తెలిసి, కూర్చున్న చోటి నుంచే ఆమెకు మొత్తం చెప్పాను. కూలిన గుడిసె, శొంఠి కషాయం, అడకత్తెర, మునీం, పోళా. ఆమె మొదట నిలబడి వింది. అడకత్తెర మాట వచ్చేసరికి గడప అవతల చతికిలబడింది.

"పెద్దబాయి అడకత్తెర ముందటి గదిల అద్దాల పెట్టెల ఉన్నది, ఆజీ. దాని మొన ఇరిగి ఉన్నది. ఎట్ల ఇరిగిందో ఎవ్వలకు తెల్వదు."

"టేకు మీద నెల దాటి గీస్తే ఇరగదా మరి," అంది చెల్లెలు.

ఆమె బోర్డు వంక ఒకసారి చూసింది. తర్వాత నా చేతిలో పిన్ను తీసుకుని, "మీరు గీకితే గీత పోతది, నేను తీస్త," అని తనే పెయింటు ముద్ద అంచు మెల్లగా లేపింది. పెచ్చు ఒకటి ఊడి వచ్చింది. దాని కింద ఒక గీత. వేలెడు కిందకి ఇంకో పెచ్చు, ఇంకో గీత. ఆ కింద కమ్మి నున్నగా ఉంది. ఆమె అరచేత్తో తుడిచి చూపించింది.

ఏడైదులు ముప్పై ఐదు, మరో ఆరు. నలభై ఒకటి.

పర్సులోంచి చిన్న పుస్తకం తీసి అక్కడే కట్టాను. మొదటి గీత ఏ రోజుది? తొలికోడి వేళకు పుట్టాను కాబట్టి మొదటి కషాయం ఆ పొద్దుటిదే. మొదటి గీత నేను పుట్టిన రోజుదే. చివరిది అమ్మ బయటికొచ్చిన పోళా పొద్దుటిది. రెండు చివర్లూ కలిపితే నలభై ఒకటి, మధ్య దూరం నలభై రోజులు. ఆగస్టు ఇరవై ఆరులోంచి ఇరవై ఆరు తీస్తే జూలై ముప్పై ఒకటి. అందులోంచి మిగిలిన పద్నాలుగు తీస్తే జూలై పదిహేడు. వారం సోమవారం నుంచి నలభై వెనక్కి పోతే బుధవారం. రెండుసార్లు కట్టాను. రెండుసార్లూ అదే వచ్చింది.

"బడి తేదీకి పదహారు రోజుల తేడా," అన్నాను.

"ఒకటో తేదీ పుట్టినోళ్లను ముందు నెలాఖరుకే దింపుతరు, అంటే నువ్వు ఒక నెల ముందుగాల రిటైరైనవ్," అంది చెల్లెలు. "పాపం పిల్లలు. నెల రోజులు నీ లెక్కలు తప్పించుకున్నరు."

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. పెద్దబాయి ఇచ్చిన మాట సవా నెల. అర రోజును ఎటు కలిపినా ముప్పై ఎనిమిది దాటదు. మునీం ఎదురుచూస్తున్నాడు. చేలల్లో కలుపు ఉంది. ముప్పై ఎనిమిదో గీత దగ్గర ఆమె అడకత్తెర నడుముకు దోపుకుని, "ఇంక పో" అంటే ఎవరూ తప్పుపట్టరు. మాట నిలబెట్టుకున్నట్టే. ఆమె ఇంకో మూడు గీసింది. పోళా రానీ, పండుగ పూట బయటికి పోనీ అనుకుని ఉంటుంది. లేదా ముసురు తగ్గనీ అనుకుని ఉంటుంది. అనుకున్నదేమిటో నాకు తెలియదు, గీతలు మాత్రం ఉన్నాయి. మా అమ్మ ఆ తర్వాత ఆరేళ్లు చేలల్లో, ముప్పై ఏళ్లు గని కాలనీ ఇళ్లల్లో పనిచేసింది. ఒంట్లో బాగా లేకపోయినా ఒక పూట కూర్చున్న మనిషి కాదు. ఎవరూ లేపకుండా ఆమె పడుకున్న రోజులు ఆ నలభై ఒకటే అయి ఉంటాయి. ఆ ఇంట్లో ఆమె పడ్డ చాకిరీని అవి తీర్చవు. అయినా ఆ చివరి మూడింటినీ నేను చాలాసేపు తాకి చూశాను. తరగతిలో లెక్క కన్నా ఎక్కువ వస్తే తప్పని కొట్టేసిన మనిషిని. ఎక్కువ వచ్చిన లెక్కకు తలవంచింది ఆ రోజే.

అమ్మకూ మనసులోనే చెప్పాను, నువ్వు చెప్పింది నిజమేనని. ఇంకా మూడు రోజులు తక్కువే చెప్పావని.

ఇల్లు చూసుకునే ఆమెకు వేరే దిగులు పట్టుకుంది. "మరి బోర్డు తప్పా, ఆజీ? పైవాళ్లకు చెప్పాలె. వాళ్లొచ్చి ఏమంటరో. గీతలు సాహెబ్‌వి కాదంటే పిల్లలు రారు."

గీతలు గీసింది ఆయన కాదు. బోర్డులో ఆ ముక్క తప్పు. కాని ఎనిమిదేళ్ల పిల్లవాడు గడప ఇవతల నిలబడి రోజూ వాటిని గట్టిగా లెక్కపెట్టాడు, ఒక రోజు ఒక మునీం ముందు కూడా.

"లెక్కలు నేర్చుకున్నది నిజమే," అన్నాను. "గీసింది వాళ్ల నాయనమ్మ అని రాయించు. ఒక బాలింత కోసం గీసిందని రాయించు. పిల్లలు వస్తరు."

"మీరే ఒక కాయితం మీద రాసియ్యుండ్రి ఆజీ, మరాఠీల. నేను చెప్తే నమ్మరు."

పుస్తకంలోంచి ఒక పేజీ చింపి పన్నెండు పంక్తుల్లో రాసిచ్చాను. నా పేరు కింద సంతకం పెట్టి ఆనాటి తేదీ వేశాను. ఆమె దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. పెయింటు పెచ్చులు రెండూ చేతిలోకి తీసుకుని, పారేయలేక, కిటికీలో పెట్టింది.

తిరిగి ముందు గదిలోకి వచ్చాం. అద్దాల పెట్టెలో అడకత్తెర చూశాను. మొన నిజంగానే విరిగి ఉంది. ద్వారం దగ్గర బల్ల మీద వచ్చినవాళ్లు రాసే రిజిస్టరు. పేరు, ఊరు, వయసు, అభిప్రాయం అని నాలుగు గడులు. చెల్లెలు ముందు రాసింది. వయసు గడిలో డెబ్బై రెండు వేసి, అభిప్రాయం గడిలో ఇల్లు చల్లగా ఉందని రాసింది.

నేను కలం తీసుకుని పేరు, ఊరు రాశాను. వయసు గడి దగ్గర ఆగి లెక్క చూసుకున్నాను. డెబ్బై తొమ్మిది సంవత్సరాల ఆరు నెలల పది రోజులు. అదే రాయడం మొదలుపెట్టాను.

"గడి చిన్నగున్నది ఆజీ," అంది ఆమె, "ఒక్క అంకె ఏస్తే సాలు."

"ఒక్క అంకెతోటి ఇన్నేండ్లు నడిపిన, బిడ్డా."

అక్షరాలు గడి దాటి అభిప్రాయం గడి నిండా పాకాయి. రోజులు అన్న మాట చివరి అంచున పట్టింది. చెల్లెలు నా భుజం మీంచి తొంగి చూసింది.

"అభిప్రాయం రాయలేదేంది అక్కా? జాగ అంత తినేసినవ్."

"రాసిన కదా," అన్నాను.